కొలనోస్కోపీ: పైపు కన్నా ముందు రోజే కష్టం (నా అనుభవం)

మా అన్నయ్యకి 52వ ఏట పెద్దపేగు క్యాన్సర్ బయటపడింది. ఆపరేషన్ అయ్యాక డాక్టరు గారు మా వైపు తిరిగి, "తోబుట్టువుల్లో నలభై దాటినవాళ్లంతా కొలనోస్కోపీ చేయించుకోండి" అన్నారు. అంటే మలద్వారం గుండా చివర కెమెరా ఉన్న పైపు పంపి పెద్దపేగు లోపల చూసే పరీక్ష. నాకేమో ఏ బాధా లేదు. తిన్నది అరుగుతోంది, పొద్దున్నే విరేచనం సాఫీగా అవుతోంది. ఏమీ లేనప్పుడు ఎందుకండీ అంటే ఆయన విసుక్కోకుండా చెప్పారు. పేగు లోపలి పొర మీద ముందు పాలిప్ అనే బుడిపె మొలుస్తుందట. అన్నీ క్యాన్సర్ కావు గానీ, అయ్యేవాటికి మామూలుగా పదేళ్లదాకా పడుతుంది. ఆ పదేళ్లూ మనిషికి చాలావరకు ఏమీ తెలియదు. ఆ మాటతో ఒప్పుకున్నాను.

మూడు రోజుల ముందు నుంచి పీచు లేని తిండి తినమన్నారు. గోంగూర, జామకాయ, టమాటా, నువ్వులు వద్దు. ఆఖరికి తాలింపులో ఆవాలు కూడా వద్దు. మా ఆవిడకి ఇదే మింగుడుపడలేదు. "ఆవాలు లేని తాలింపు ఏమిటండీ?" అంటూ జీలకర్ర కూడా మానేసి, చప్పగా కాచిన చారు పోసింది. కారణం మాత్రం సబబే. పీచులోని సెల్యులోజ్‌ని విడగొట్టే ఎంజైమ్ మన ఒంట్లో లేదు. తెల్లన్నం కడుపులో మెత్తబడి, చిన్నపేగులో చక్కెరగా విడిపోయి రక్తంలో కలుస్తుంది. నమలకుండా మింగిన ఆవగింజ మాత్రం సుమారు ఆరు మీటర్ల చిన్నపేగు దాటి, పెద్దపేగులోకి గింజగానే వచ్చి కూర్చుంటుంది. అది కెమెరాకి అడ్డు.

ముందు రోజు ఇక తిండే లేదు. కొబ్బరినీళ్లు, వడకట్టిన చారు తేట, పాలు కలపని టీ, అంతే. ఎర్రరంగు డ్రింకులు తాగొద్దన్నారు, లోపల రక్తంలా కనబడతాయట.

సాయంత్రం అసలు కథ మొదలైంది. పేగుని కడిగేసే పాలీఇథిలీన్ గ్లైకాల్ అనే విరేచనాల పౌడర్‌ని రెండు లీటర్ల నీళ్లలో కలిపి, సగం రాత్రికి, సగం తెల్లవారుజామున తాగాలి. పావు లీటరు గ్లాసు, పావుగంటకొకటి. నిమ్మ వాసన, ఉప్పు రుచి, నాలుక మీద కాస్త జిడ్డు. ఫ్రిజ్‌లో పెట్టి, స్ట్రా నాలుక వెనక్కి పెట్టుకుని తాగితే కొంత నయం.

ఇది ఎలా పనిచేస్తుందో చదివితే నాకే ఆశ్చర్యం వేసింది. మనం రోజుకి రెండు లీటర్లు తాగుతామనుకుంటే, లాలాజలం, జఠరరసం, పైత్యరసం, క్లోమరసం, పేగులో ఊరే రసాలు కలిసి ఇంకో ఏడు లీటర్లు. ఈ తొమ్మిదిట్లో చాలా భాగాన్ని చిన్నపేగే పీల్చుకుంటుంది. లీటరున్నర దాకా పెద్దపేగుకి చేరితే, అది మిగతాదీ పీల్చుకుని 100, 200 మిల్లీలీటర్లు మాత్రం బయటికి వదులుతుంది. ఇంత పొదుపరి పేగుని ఆ పౌడర్ ఓడిస్తుంది. దాని అణువులు పెద్దవి, పేగు గోడలోంచి దూరవు, నీళ్లని తమతోనే పట్టుకుని కిందికి లాక్కుపోతాయి.

మొదటి గంట ఏమీ కాలేదు. తర్వాత బాత్రూమ్ నుంచి బయటికి రావడమే అనవసరం అనిపించింది. చేయించుకోబోయేవాళ్లకి నాదొక సలహా: సాయంత్రమే మోటారు వేసి ట్యాంకు నింపుకోండి, కొబ్బరినూనె సీసా బాత్రూమ్‌లోనే పెట్టుకోండి. మంట ఎంత పుడుతుందో ఎవరూ చెప్పరు.

తెల్లవారుజామున మళ్లీ ఎందుకంటే, రాత్రంతా చిన్నపేగు లోంచి పైత్యం, జిగురు దిగుతూనే ఉంటాయి. అవి పెద్దపేగు మొదట్లో, అంటే కుడివైపు, పూతలా అంటుకుంటాయి. చిన్న పాలిప్ దాని కింద దాక్కుంటే డాక్టరుకి కనబడదు. "అడుగు కనిపించేలా లేత పసుపు నీళ్లు వస్తేనే రండి సార్" అని సిస్టర్ ముందే చెప్పింది. ఆ పసుపు పైత్యరసానిది. మామూలు రోజుల్లో పేగులోని బ్యాక్టీరియా దాన్నే గోధుమరంగుకి మారుస్తాయి. నాకు ఆరింటికల్లా ఆ పసుపు వచ్చింది.

పరీక్ష గురించి చెప్పడానికి పెద్దగా లేదు. ఎడమవైపు తిరిగి పడుకోమన్నారు, మత్తు ఇంజెక్షన్ ఇచ్చారు, లేచేసరికి అయిపోయింది. పొట్ట మాత్రం ఉబ్బిపోయి ఉంది. ముడతలు విప్పి చూడటానికి లోపలికి గాలి ఎక్కిస్తారు. ఆ గాలి పోయేదాకా మొహమాటం పక్కన పెట్టాల్సిందే. పక్క మంచాల్లో అందరిదీ అదే పని.

ఎడమవైపు పేగులో చిన్న పాలిప్ ఒకటి కనబడితే అప్పుడే తీసేశారట. మత్తు లేకపోయినా ఆ కోత నొప్పి తెలిసేది కాదన్నారు డాక్టరు గారు. పేగు లోపలి పొరకి కోత తెలియదు, సాగదీస్తేనే నొప్పి. అందుకే నన్ను ఇబ్బంది పెట్టింది కోత కాదు, గాలి.

తీసిన ముక్కని ల్యాబ్‌లో చూసే బయాప్సీలో అడినోమా అని వచ్చింది. అంటే క్యాన్సర్ కాదు, వదిలేస్తే కావచ్చు. ఇంట్లో అన్నయ్య కేసు ఉంది కాబట్టి ఐదేళ్లకి మళ్లీ రమ్మన్నారు. రిపోర్టు ఫొటో చెల్లెలికి పంపించాను. దానికీ మొన్ననే నలభై నిండాయి. వచ్చే నెలకి అపాయింట్‌మెంట్ తీసుకుంది.