మూడో పిన్ను వెనక ఏముంది?

కువైట్‌లో మన చిత్తూరు, పీలేరు వాళ్ళుండే గదుల్లో గోడ సాకెట్లు చూడండి. ఊరి నుంచి తెచ్చుకున్న రెండు పిన్నుల ప్లగ్గు దూరదు కాబట్టి, పైనున్న ఎర్తు (సామాను ఒంటికి కరెంటు తగిలితే దాన్ని నేలలోకి పంపే వైరు) రంధ్రంలో పెన్నో అగ్గిపుల్లో గుచ్చి, కింది రెండూ తెరుచుకోగానే ప్లగ్గు నెట్టేస్తారు. ఊళ్ళో ఇంటికొస్తే ఫ్రిజ్జుకు మూడు పిన్నులూ ఉంటాయి, బోర్డుకు మూడు రంధ్రాలూ ఉంటాయి. ఆ మూడో రంధ్రం వెనక మాత్రం చాలా ఇళ్ళలో వైరే ఉండదు. కొన్నిచోట్ల అంతకంటే ఘోరమైనది ఉంటుంది. ముందు కువైట్ గది సంగతి చూద్దాం.

కువైట్, దుబాయ్‌లలో వాడేది బ్రిటిష్ రకం సాకెట్. దాని ఎర్తు పిన్ను మిగతా రెండింటి కంటే పొడుగు. అది ముందుగా దూరి లోపలి మూతలు తెరిస్తేనే కరెంటు రంధ్రాలకు దారి దొరుకుతుంది. ప్లగ్గులోనే 3 లేదా 13 ఆంపియర్ల ఫ్యూజు పెడతారు. ఎందుకంటే ఈ రకం సాకెట్ల వెనక రింగు సర్క్యూట్ (బోర్డు నుంచి బయల్దేరి సాకెట్లన్నీ చుట్టి మళ్ళీ బోర్డుకే చేరే లైను) ఉంటే అది 30 లేదా 32 ఆంపియర్ల బ్రేకరు (కరెంటు మితిమీరితే తానే పడిపోయే స్విచ్చు) మీద నడుస్తుంది. ప్లగ్గు నుంచి సామానుకు పోయే 0.75 చదరపు మి.మీ. వైరు మోయగలిగేది 6 ఆంపియర్లే. పెన్ను గుచ్చి పెట్టిన ప్లగ్గులో ఫ్యూజు లేదు. వైరు వేడెక్కి కరుగుతున్నా 32 ఆంపియర్ల బ్రేకరు కదలదు. ఫోను చార్జరుకైతే పెద్దగా ఏమీ కాకపోవచ్చు. రైస్ కుక్కరుకూ ఇస్త్రీ పెట్టెకూ అదే అలవాటు చేస్తేనే ప్రాణం మీదికొస్తుంది.

పైగా గుండ్రటి పిన్నులు ఆ చదును రేకుల మధ్య గట్టిగా పట్టవు. లూజు కనెక్షన్ దగ్గర నిరోధం 0.1 ఓం పెరిగిందనుకోండి, 10 ఆంపియర్లు పారితే ఆ ఒక్క చోటే 10 వాట్ల వేడి. గోరంత రేకు మీద గంటల తరబడి. కరెంటు మామూలుగానే ఉంది కాబట్టి బ్రేకరు దీన్ని పట్టుకోలేదు. ప్లగ్గు గోధుమరంగుకు తిరగడం, చేపలాంటి కాలిన వాసన రావడం, ఈ రెంటిలో ఏది కనిపించినా ఆ సాకెట్ మార్చాల్సిందే. టేపు చుట్టి ఊరుకోకూడదు.

ఎక్స్‌టెన్షన్ బాక్సుకు ఎన్ని రంధ్రాలున్నా అది మోసేది మొత్తం 13 ఆంపియర్లే, అంటే కువైట్ 240 వోల్టుల మీద 3,120 వాట్లు. 2,000 వాట్ల కరెంటు పొయ్యి, 2,000 వాట్ల కెటిల్ ఒకే బాక్సు మీద ఒకేసారి నడపకూడదు. 2024 జూన్ 12న కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికుల భవనం తగలబడి 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. కింది అంతస్తులోని గార్డు గదిలో షార్ట్ సర్క్యూటే కారణమని అక్కడి అగ్నిమాపక దళం తేల్చింది. పదిమంది పడుకునే గదిలో ఒక్కడి ప్లగ్గు ఒక్కడి సొంత విషయం కాదు.

సెలవుకు పోతూ కెటిలో ఇస్త్రీ పెట్టో తీసుకుపోతాం. ఇంటికి పోగానే ఆ ప్లగ్గు కోసేసి, పచ్చ-పసుపు ఎర్తు వైరును వెనక్కి మడిచి, రెండు పిన్నుల ప్లగ్గు బిగిస్తారు. 3,000 వాట్ల కెటిల్ 13 ఆంపియర్లు లాగుతుంది. దానికి 16 ఆంపియర్ల మూడు పిన్నుల ప్లగ్గు, అదే సాకెట్, 2.5 వైరు కావాలి. (దుకాణంలో '2.5 ఎం.ఎం.' అంటారు. అది వైరు లావు కాదు, కోత వైశాల్యం చదరపు మి.మీ.లలో.) 6 ఆంపియర్ల సాకెట్లో పెడితే అది మాడిపోతుంది. సౌదీ నుంచి తెచ్చేవాళ్ళు ఇంకోటి చూడాలి. అక్కడ 60 హెర్ట్జ్, మన దగ్గర 50. లేబుల్ మీద '50/60' అని లేని మోటరు సామాను ఇక్కడ నెమ్మదిగా తిరుగుతూ వేడెక్కుతుంది.

రంగుల దగ్గర మరో ఉచ్చు ఉంది. గల్ఫ్‌లో కొత్త పద్ధతి భవనాల్లో మూడు ఫేజులు (కరెంటు తెచ్చే వైర్లు) గోధుమ, నలుపు, బూడిద. న్యూట్రల్ (కరెంటు తిరిగిపోయే వైరు) నీలం. మన ఊరి ఇళ్ళలో నలుపు న్యూట్రల్, ఎరుపు, పసుపు, నీలం ఫేజులు. అక్కడ చేయి తిరిగినవాడు సెలవులో ఇంటి బోర్డు విప్పితే, ఆ అలవాటుతోనే నీలం వైరు పట్టుకునే ప్రమాదముంది. వోల్టేజి కొలిచే మీటరు పెట్టి చూడకుండా ఏ రంగునూ నమ్మకూడదు. టెస్టరు చాలదు. పొడి చెప్పులతో స్టూలు మీద నిలబడితే కరెంటున్న వైరు మీద కూడా అది సరిగ్గా వెలగకపోవచ్చు.

ఇప్పుడు ఆ ఘోరమైన సంగతి. ఎర్తు గుంత లేని ఇంట్లో కొందరు సాకెట్లోనే న్యూట్రల్ నుంచి ఎర్తు పిన్నుకు చిన్న ముక్క వైరు కలిపేస్తారు. మీటరుతో చూస్తే ఫేజుకూ ఎర్తుకూ మధ్య చక్కగా 230 వోల్టులు వస్తుంది. అంతా బాగుందనిపిస్తుంది. గాలివానకు స్తంభం దగ్గర న్యూట్రల్ జాయింటు ఊడిన రోజున, వెలుగుతూ ఉండాల్సిన బల్బు గుండా ఫేజు వచ్చి ఆ ముక్క వైరు మీదుగా ఫ్రిజ్జు ఒంటికీ, వాషింగ్ మెషిన్ ఒంటికీ ఎక్కుతుంది. సర్వీసు వైరు తిరిగి కలిపేటప్పుడు ఫేజు, న్యూట్రల్ తారుమారైతే ఇంకా నేరుగా, పూర్తి 230 వోల్టులు. ఇల్లు తుడుస్తున్న అమ్మ తడి కాళ్ళతో ఫ్రిజ్జు తలుపు పట్టుకుంటుంది. ఈ ముక్క వైరు వేయడం రెండు నిమిషాల పని. దాన్ని రిపేరు అనడానికి నాకు నోరు రాదు.

ఎర్తు గుంత ఉంటే చాలు అనుకోవడమూ తప్పే. పద్ధతి ప్రకారం 2.5 మీటర్ల జి.ఐ. (జింకు పూత ఇనుప) పైపు, చుట్టూ బొగ్గు, ఉప్పు, నీళ్ళు పోయడానికి పైన గరాటు. మన వైపు గట్టి ఎర్ర మొరం నేల ఎండాకాలం ఎండిపోతే ఎర్తు నిరోధం 20 ఓంలకు పోయిందనుకుందాం. గీజరు లోపల ఫేజు ఒంటికి తగిలింది. 230ని 20తో భాగిస్తే పదకొండున్నర ఆంపియర్లు. 16 ఆంపియర్ల ఎం.సి.బి. (బోర్డులో లైనుకొకటి ఉండే చిన్న బ్రేకరు) దానికి పడనే పడదు. సి రకం బ్రేకరు వెంటనే పడాలంటే 80 నుంచి 160 ఆంపియర్లు కావాలి. గీజరు ఒళ్ళు కరెంటుతో అట్లనే ఉంటుంది. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్.సి.సి.బి. (ఫేజులో పోయినంత కరెంటు న్యూట్రల్‌లో తిరిగి రాకపోతే పడే బ్రేకరు) ఉంటే ఇదే 20 ఓంల ఎర్తుతో కంటిరెప్ప పాటులో పడిపోతుంది. ఉప్పు బోరు నీళ్ళతో గీజరు ఎలిమెంటు మీద గార కట్టి పగిలే మన ఊళ్ళలో దీనికి పెట్టే డబ్బు వృథా కాదు.

"అది ఊరికే పడిపోతా ఉంది" అని తీయించేసిన ఇళ్ళు చాలా ఉన్నాయి. అది పడడానికి కారణాలు వెతికితే దొరుకుతాయి. పైన చెప్పిన న్యూట్రల్-ఎర్తు ముక్క ఉంటే అది నిలవదు. ఇన్వర్టరు న్యూట్రల్‌ను మామూలు న్యూట్రల్‌తో కలిపి లాగినా నిలవదు. ఇన్వర్టరు లైన్లకు వేరే న్యూట్రల్ వేయించాలి. కార్తీక మాసం వానల్లో మాత్రమే పడుతుంటే గోడ పైపుల్లోనో బయటి బోర్డులోనో నీళ్ళున్నట్టు. వెతికే పద్ధతి ఇది: ఎం.సి.బి.లన్నీ కిందికి దించి ఆర్.సి.సి.బి. ఎత్తి, ఒక్కొక్కటే ఎత్తుతూ పోవాలి. ఏది ఎత్తితే పడిందో ఆ లైను మీది ప్లగ్గులన్నీ పీకి మళ్ళీ చూడాలి. ఎం.సి.బి. ఫేజునే తెంచుతుంది కాబట్టి, అన్నీ దించినా పడుతుంటే తప్పు న్యూట్రల్ వైపు ఉండే అవకాశమే ఎక్కువ. అప్పుడు న్యూట్రల్ బారు (న్యూట్రల్ వైర్లన్నీ కలిసే పట్టీ) మీది వైర్లు ఒక్కొక్కటీ విప్పి చూసే పని ఎలక్ట్రీషియన్‌దే.

ఇక గల్ఫ్ నుంచి వీడియో కాల్‌లో ఇంట్లో ఆడవాళ్ళ చేత బోర్డు విప్పించడం. ఇది మానుకోవాలి. మెయిన్ దించినా ఇన్వర్టరు లైనులో కరెంటు ఉంటుందని వాళ్ళకు తెలియదు. స్తంభం, సర్వీసు వైరు, మీటరు వరకు ఏ తేడా ఉన్నా 1912కు ఫోను చేయమనండి, ఆ పని కరెంటు సంస్థ ఎస్.పి.డి.సి.ఎల్. వాళ్ళది. ఎలక్ట్రీషియన్ వచ్చిన రోజున మాత్రం మీరు కాల్‌లో ఉండండి. సాకెట్ విప్పినప్పుడు ఎర్తు పిన్ను వెనక కెమెరా పెట్టమనండి. అక్కడ పచ్చ వైరు బోర్డు దాకా పోతోందా, న్యూట్రల్‌కు ముక్క ఉందా కనబడుతుంది. లోడు నడుస్తుండగా న్యూట్రల్‌కూ ఎర్తుకూ మధ్య వోల్టేజి చూపించమనండి. రెండు మూడు వోల్టులు మామూలే. ఎంత లోడు పెట్టినా కచ్చితంగా సున్నా దగ్గరే ఉంటే ముక్క ఎక్కడో దగ్గర్లోనే ఉందని మళ్ళీ వెతికించండి. చివరగా ఆర్.సి.సి.బి. మీది 'టి' (టెస్టు) బటను నొక్కించండి. వెంటనే పడాలి. పడకపోతే అతన్ని పంపించెయ్యకుండా అదే రోజు కొత్తది వేయించండి.