ఫిక్చర్ దగ్గర పోయిన రెండు మార్కులు: నా నెట్ ఫిజికల్ ఎడ్యుకేషన్ ప్రిపరేషన్

అందరికీ నమస్కారం. 2024 డిసెంబర్ సెషన్ యూజీసీ నెట్ (కాలేజీ అధ్యాపకుల అర్హత పరీక్ష) జనవరిలో రాశాను, ఫిబ్రవరిలో ఫలితాలు వచ్చాయి. ఫిజికల్ ఎడ్యుకేషన్‌లో అసిస్టెంట్ ప్రొఫెసర్‌కీ, పీహెచ్‌డీ ప్రవేశానికీ అర్హత వచ్చింది. జేఆర్‌ఎఫ్ (పరిశోధనకి ఇచ్చే ఫెలోషిప్) రాలేదు. ఫలితం చూసేసరికి స్కూలు గ్రౌండులో ఖోఖో కోర్టుకి గీతలు వేయిస్తున్నాను, చేతుల నిండా సున్నం. పిల్లలు చూస్తున్నారన్న సంగతి మర్చిపోయి ఏడ్చేశాను. నాలాగే పీఈటీ (వ్యాయామ ఉపాధ్యాయ) ఉద్యోగం చేస్తూ చదువుతున్న తమ్ముళ్లు, చెల్లెళ్లు ఎలా చదివారని అడుగుతున్నారు. వాళ్ల కోసమే ఇది.

అందరికీ ఉమ్మడిగా ఉండే పేపర్ 1 గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. పాత పేపర్లు చేశాను, డేటా ఇంటర్‌ప్రెటేషన్ రోజూ ఐదు లెక్కలు చేశాను. అంతే. నా కథంతా మన సబ్జెక్టు పేపర్ 2లోనే ఉంది, అందులోనూ స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్ యూనిట్‌లో, ఫిక్చర్ (ఏ జట్టు ఎవరితో ఆడాలో చూపే పట్టిక) వేయడం దగ్గర.

ఎం.పీ.ఎడ్ చదివేటప్పటి నుంచీ నాకు ఎక్సర్‌సైజ్ ఫిజియాలజీ ఇష్టం. బయోమెకానిక్స్ కష్టపడి నేర్చుకున్నాను. మేనేజ్‌మెంట్ వచ్చేసరికి మాత్రం, "ఇదంతా మనం రోజూ చేసేదే కదా, చదవడానికేముంది" అని పేజీలు తిప్పేసేదాన్ని. టోర్నమెంట్లు పెడుతున్నాం, పిల్లల్ని తీసుకెళ్తున్నాం, బిల్లులు రాస్తున్నాం. ఇంకేం కావాలి అనుకున్నాను. మనలో ఆడి వచ్చినవాళ్లు చాలామంది ఇలాగే అనుకుంటారని ఇప్పుడు తెలుస్తోంది.

2024 జూన్ 18న రాసిన పరీక్ష మర్నాడే రద్దయింది. మళ్లీ ఆగస్టు, సెప్టెంబరుల్లో పెట్టారు. ఆ మధ్య రెండు నెలలూ పుస్తకం తెరవాలంటేనే మనసొప్పేది కాదు. అలాగే రాశాను. కటాఫ్‌కి సరిగ్గా రెండు మార్కులు తగ్గాయి. అంటే ఒక్క ప్రశ్న.

కీ దగ్గర పెట్టుకుని నా జవాబులు చూసుకుంటే, జట్ల సంఖ్య ఇచ్చి, డ్రా పట్టికలో కింది భాగానికి ఎన్ని బైలు (బై అంటే మొదటి రౌండు ఆడకుండానే ముందుకెళ్లడం) వస్తాయని అడిగిన ప్రశ్న తప్పు పెట్టాను. అది చూసి రెండు రోజులు అన్నం సహించలేదు. ఎందుకంటే ఆ బైల వల్లే నాలుగేళ్ల క్రితం నేను నలుగురిలో మాట పడ్డాను.

అప్పుడు మండల స్థాయి ఆటల్లో అమ్మాయిల ఖోఖో డ్రా తీసే పని నాకిచ్చారు. 11 జట్లు. చీటీలు వేసి పది జట్లని ఐదు మ్యాచ్‌లుగా కలిపి, మిగిలిన ఒక్క జట్టుకి బై ఇచ్చాను. రెండో రౌండుకి ఆరు జట్లు, మూడు మ్యాచ్‌లు. తర్వాత మూడు జట్లే మిగిలాయి. మళ్లీ చీటీ వేస్తే ఒక జట్టు సెమీస్ ఆడకుండానే ఫైనల్‌లో కూర్చుంది. ఓడిన స్కూలు వాళ్లు ఊరుకుంటారా? టేబుల్ చుట్టూ మూగారు. ఒక సీనియర్ పీడీ (ఫిజికల్ డైరెక్టర్) గారు వచ్చి సర్దిచెప్పారు. తర్వాత నన్ను పక్కకి పిలిచి, "అమ్మా, బైలన్నీ మొదటి రౌండులోనే ఇచ్చేయాలి, రెండో రౌండుకి ఎనిమిదో పదహారో మిగలాలి" అన్నారు. తలూపాను. ఇంటికొచ్చి ఆ పేజీ మాత్రం తెరవలేదు. పరీక్షలో పోయిన రెండు మార్కులు అక్కడే పోయాయి.

అక్టోబరులో కూర్చుని ఆ 11 జట్ల డ్రా మళ్లీ వేశాను. 11 తర్వాత వచ్చే రెండు ఘాతం (2, 4, 8, 16 వరుసలోది) 16. తేడా 5, అంటే 5 బైలు. పై భాగంలో 6 జట్లు, 2 బైలు. కింది భాగంలో 5 జట్లు, 3 బైలు. పైన రెండు మ్యాచ్‌లు, కింద ఒక్కటి. రెండో రౌండుకి అటు నాలుగు, ఇటు నాలుగు. గొడవకి చోటే లేదు! తర్వాత 19 జట్లతో వేశాను: 13 బైలు, పైన 6, కింద 7, మొత్తం 18 మ్యాచ్‌లు. అదే 19 జట్లకి లీగ్ (ప్రతి జట్టూ మిగతా అన్నిటితో ఆడటం) పెడితే 171 మ్యాచ్‌లు. ఓడితే బయటికెళ్లే నాకౌట్ ఎప్పుడు, లీగ్ ఎప్పుడు అన్న ప్రశ్నకి ఆ రెండు అంకెలే జవాబు చెబుతాయి. బైలు ఇచ్చే వరుస కూడా గోడ మీద రాసుకున్నాను: మొదటిది కింది భాగంలో చివరి జట్టుకి, రెండోది పై భాగంలో మొదటి జట్టుకి, మూడోది కింది భాగంలో మొదటి జట్టుకి, నాలుగోది పై భాగంలో చివరి జట్టుకి.

అక్కడి నుంచి ఆ యూనిట్ మొత్తం వేరేగా కనిపించింది. మేనేజ్‌మెంట్‌లోని ఏడు పనులకి గులిక్ పెట్టిన పొట్టిపేరు పోస్డ్‌కార్బ్‌ని ఉత్త అక్షరాలుగా బట్టీ పట్టడం మానేశాను. మండల ఆటల తేదీ ఖాయం చేయడం ప్లానింగ్, రిఫరీలుగా ఎవర్ని వేయాలో చూడటం స్టాఫింగ్, అయిపోయాక పై ఆఫీసుకి పంపే కాగితం రిపోర్టింగ్, షామియానాకీ మంచినీళ్లకీ షీల్డులకీ డబ్బు సర్దడం బడ్జెటింగ్. మేనేజ్‌మెంట్ సిద్ధాంతకర్త ఫెయోల్ చెప్పిన 14 సూత్రాల్లో ఒక మనిషికి ఒకే అధికారి ఆదేశాలివ్వాలన్నది ఉంది కదా, అది ఎందుకు చెప్పాడో మన పీఈటీలకి ఎవరూ వివరించక్కర్లేదు. హెడ్మాస్టర్ ఒకటి, కరస్పాండెంట్ ఒకటి చెబితే గ్రౌండులో ఏమవుతుందో మనకి తెలుసు.

క్రీడా సంస్థల సంవత్సరాలు కూడా ఇలాగే కథగా కలుపుకున్నాను. 1982లో ఢిల్లీలో ఆసియా క్రీడలు జరిగాయి. కట్టిన స్టేడియాల్ని తర్వాత ఎవరు చూసుకోవాలి? 1984లో స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియా వచ్చింది. అంతకుముందు 1954లో ఆల్ ఇండియా కౌన్సిల్ ఆఫ్ స్పోర్ట్స్, 1957లో గ్వాలియర్ ఫిజికల్ ఎడ్యుకేషన్ కాలేజీ, 1961లో కోచ్‌లని తయారుచేసే పటియాలా ఎన్‌ఐఎస్. కారణం తెలిస్తే ఏడాది మర్చిపోం.

మిగతా యూనిట్లు నోట్సు తిరగేయడమే. టెస్టులు, మెజర్‌మెంట్ మాత్రం టేబుల్‌గా రాసుకోండి, ఒకదాంతో ఒకటి కలిసిపోతాయి.

ఉద్యోగం మానేసి చదివితే జేఆర్‌ఎఫ్ వచ్చేదని కొందరు అన్నారు. మా ఇంట్లో నా జీతం లేకపోతే గడవదు. పైగా గ్రౌండు వదిలేసి ఉంటే ఈ యూనిట్ నాకు ఎప్పటికీ అర్థమయ్యేది కాదని గట్టిగా నమ్ముతున్నాను. పొద్దున నాలుగున్నరకి లేచి ఆరు దాకా చదివాను, రాత్రి గంట. ఫోన్ మా అమ్మ దగ్గర పెట్టేదాన్ని. వార్మప్ చేయకుండా మనం ఏ పిల్లనీ కోర్టులోకి దింపం. పుస్తకం దగ్గరికొచ్చేసరికి మాత్రం ఆ క్రమశిక్షణ ఎందుకు వదిలేస్తాం? "ఆటలాడేవాళ్లకి చదువేంటి" అన్న మాట విని విని విసిగిపోయాం. దయచేసి ఆ మాట నిజం చేయకండి. మన సబ్జెక్టుని మనమే తక్కువ చేసి చూడకండి.

పీహెచ్‌డీకి అప్లై చేస్తున్నాను. హాస్టల్ స్కూళ్లలో అమ్మాయిల ఇంట్రామ్యూరల్స్ (స్కూలు లోపలే పిల్లల మధ్య పెట్టే పోటీలు) మీద పని చేయాలని ఉంది, ఎందుకంటే స్కూల్ టీంకి ఎంపిక కాని పిల్లలకి ఆడే అవకాశం దొరికేది అక్కడే.

రేపు మా స్కూల్లో ఇంటర్ హౌస్ ఖోఖో. నాలుగు హౌస్‌లు, లీగ్, 6 మ్యాచ్‌లు. ఈసారి ఫిక్చర్ తొమ్మిదో తరగతి అమ్మాయిలే వేశారు.