చెప్పుకోలేని దురద

కుట్లు మానిపోయాయి. పొట్ట మీద మచ్చ కూడా ఎరుపు తగ్గింది. ఇప్పుడు రాయగలను. మొన్నటిదాకా ఈ సంగతి మా ఆయనకే చెప్పలేదు. రాత్రి పడుకున్నాక మలద్వారం దగ్గర దురద. పగలంతా ఏమీ ఉండదు. దీపం ఆర్పి కన్ను మూతపడుతుందనగా మొదలవుతుంది, తెల్లారేదాకా నిద్ర ఉండదు.

మాది పర్లాకిమిడి. ఇంట్లోనే చిన్న పిల్లలకి ట్యూషన్ చెబుతాను. పన్నెండు మంది ఒకే చాప మీద కూర్చుంటారు. పెన్సిళ్ళు నోట్లో పెట్టుకుని, ఒకరి రబ్బరు ఒకరు కొరికే వయసు. ఐదేళ్ళ మా పాప వాళ్ళ మధ్యే తిరుగుతుంది. అదీ రాత్రిళ్ళు లేచి ఏడ్చేది. మూత్రం మంటంటే రెండుసార్లు యాంటీబయోటిక్ వాడాం. "తీపి తినీ గుంటలకి పురుగులు పట్టవేటి?" అనేది మా అత్త. ఆవిడది చాదస్తం అనుకున్నాను. సగం నిజమే చెప్పిందని తర్వాత తెలిసింది. తప్పు తీపిది కాదు, పురుగుది మాత్రం నిజం.

మొదట చూపించుకున్న డాక్టరు గారు కాగితం మీంచి తల ఎత్తకుండానే "ఇంట్లో శుభ్రత చూసుకోవాలమ్మా" అన్నారు. గదిలో కాంపౌండరు ఉన్నాడు, వెనక మరో ఇద్దరు నిలబడి ఉన్నారు. మలపరీక్ష రాశారు, పురుగులేమీ లేవని వచ్చింది. ఫంగస్ అని ఆయింట్‌మెంటు ఇచ్చి పంపేశారు. రోజుకి రెండు పూటలా స్నానం చేసే మనిషిని నేను. ఆ ఒక్క మాటకి నాలుగు నెలలు నోరు మూసుకున్నాను. ఇప్పటికీ ఆ వీధిలోంచి వెళ్ళను.

అలా ఉండగా ఒక రాత్రి బొడ్డు చుట్టూ నొప్పి మొదలైంది. గ్యాస్ అని అత్త వాము నీళ్ళు ఇచ్చింది, తాగింది తాగినట్టే బయటికి వచ్చేసింది. ఒంటిగంట దాటాక నొప్పి కుడివైపు కిందికి దిగి అక్కడే పాతుకుపోయింది. కాలు చాపితే ప్రాణం పోతోంది. పక్కింటి వాళ్ళ కారులో శ్రీకాకుళం బయల్దేరాం. పాతపట్నం దాటుతుంటే నీలమణి దుర్గమ్మ గుడి వైపు తిరిగి, "అమ్మా, పిల్ల చిన్నది" అన్నాను. ఇంకేం మొక్కాలో తోచలేదు. రోడ్డులో ప్రతి గుంతా పొట్టలోనే పడింది. మా ఆయన ముందు సీట్లోంచి వెనక్కి తిరిగి నా పాదం పట్టుకుని కూర్చున్నాడు, దిగేదాకా వదల్లేదు. పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో ఆయన మీద పెట్టుకున్న కోపాలన్నీ ఆ దారిలోనే సగానికి సగం పోయాయి.

స్కానింగు, సంతకాలు, తెల్లారేసరికి ఆపరేషను. అపెండిక్స్ తీసేశారు. దాని గురించి చెప్పడానికేమీ లేదు.

వారం తర్వాత కుట్లకి వెళ్తే ల్యాబ్ రిపోర్టు వచ్చి ఉంది. అపెండిక్స్ లోపల ఎంటరోబియస్ వెర్మిక్యులారిస్ అని రాశారు, అంటే పేగుల్లో ఉండే ఒక రకం నులిపురుగు. చదివిన జూనియర్ డాక్టరమ్మ చాలా చిన్నది, మా ఆఖరి చెల్లెలి వయసు ఉంటుంది. కుర్చీ దగ్గరికి జరుపుకుని, "రాత్రిళ్ళు దురద ఉండేదా అక్కా?" అని మెల్లగా అడిగింది. నాకు ఏడుపొచ్చింది. నాలుగు నెలల్లో ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

తెల్లటి దారం ముక్కల్లా ఉంటాయట, ఆడపురుగు ఒక సెంటీమీటరు దాకా. అది రాత్రి పూట బయటికి వచ్చి చర్మం మీద వేల గుడ్లు పెడుతుంది. గుడ్లు పేగులో పెట్టదు కాబట్టి మలపరీక్షలో తరచూ దొరకవు. పొద్దున్నే స్నానానికీ దొడ్డికీ ముందు మలద్వారం దగ్గర సెలోటేపు అంటించి తీసి, మైక్రోస్కోపు కింద చూడాలి. పెద్దగా ఖర్చు లేని పరీక్ష! ఆడపిల్లల్లో పురుగు ముందుకి పాకితే మూత్రం మంట, తెల్లబట్ట కూడా వస్తాయట. పాప సంగతి అప్పుడు అర్థమైంది. నా నొప్పి కచ్చితంగా పురుగు వల్లేనా అంటే ఆవిడ ఔననలేదు. ఒక్కోసారి వాపు లేకుండానే అలాంటి నొప్పి తెప్పిస్తాయి, ఒక్కోసారి ఊరికే ఉంటాయి అంది. అపెండిక్స్ పోయినా పేగులో మిగిలినవి మిగిలే ఉంటాయని మాత్రం గట్టిగా చెప్పింది. ఇంట్లో అందరూ ఒకే రోజు ఆల్బెండజోల్ అనే పురుగుల మాత్ర వేసుకుని, రెండు వారాలకి మళ్ళీ వేసుకోవాలంది. మాత్ర గుడ్లన్నిటినీ చంపదు, అందుకని. ఫిబ్రవరిలో బడిలో పాపకి నమిలించిన ఒక్క మాత్రకి ఎందుకు తగ్గలేదో అదీ తెలిసింది.

మా తోటికోడలికి రెండో నెల. ఆవిడకి అడగకుండా ఇవ్వొద్దన్నారు, మీ ఇంట్లోనూ గర్భిణి ఉంటే ముందు డాక్టర్ని అడగండి. గోళ్ళు పొట్టిగా కత్తిరించండి. దుప్పట్లు దులపకండి, గుడ్లు లేచి నోట్లో పడతాయి, అలాగే తీసి వేడినీళ్ళలో వెయ్యండి. లేవగానే స్నానం చెయ్యండి. కుక్కనీ పిల్లినీ తిట్టకండి, ఈ పురుగు మనుషుల దగ్గరే బతుకుతుంది.

ట్యూషన్ పిల్లల తల్లులకి చెప్పాలా అని మూడు రోజులు మథనపడ్డాను. చెప్పాను. ఇద్దరు మానిపించారు. ఒకావిడ మాత్రం తలుపు దగ్గర ఆగి, "మా వాడికీ ఉందండీ, ఎవరికి చెప్పాలో తెలీలేదు" అంది.

రెండో మాత్ర వేసుకున్న రోజు పాతపట్నం వెళ్ళి అమ్మవారికి చీర పెట్టి వచ్చాం. ఆ రాత్రి తొమ్మిదికి పడుకున్నాను. పొద్దున అత్త తలుపు కొట్టి, "ఏటే, పాలవాడొచ్చి ఎల్లిపోనాడు" అని అరిచేదాకా మెలకువ రాలేదు.