తెల్లబడిన సంచి

ఎడమ మూత్రపిండంలోని కణితిని, దాని పక్కనున్న లింఫ్ గ్రంథులను తొలగించే ఆపరేషన్ విశాఖపట్నంలో సజావుగానే ముగిసింది. పర్లాకిమిడి నుంచి తోడు వచ్చిన అమ్మ, ఐదో రోజున అన్నం తినవచ్చని చెప్పగానే ముద్దపప్పులో ఇంటి నెయ్యి కలిపి తన చేత్తో తినిపించింది. ఆ రాత్రి రెండు గంటలకు, పొట్టలోంచి వేసిన గొట్టం ద్వారా అంతవరకూ పలచని ఎర్రనీరు దిగుతున్న డ్రెయిన్ సంచిలోకి పాలలాంటి ద్రవం రావడం మొదలైంది.

డ్యూటీలో ఉన్న కుర్ర డాక్టరు ఆ సంచిని ట్యూబులైటు వైపు ఎత్తి చూసి, "చీములా ఉంది, మళ్ళీ పొట్ట తెరవాలేమో" అని నర్సుతో అని వెళ్ళిపోయాడు. నాతో ఒక్క మాట మాట్లాడలేదు, జ్వరముందా అని కూడా అడగలేదు. అమ్మ గోడవైపు తిరిగి మహేంద్రగిరి శివుడికి మొక్కుకుంటూ ఉంటే, నేను తెల్లవారేదాకా సంచి మీది గీతలు చూస్తూ పడుకున్నాను: 300, 350, 400. ఆ మాటను నేటికీ క్షమించలేకపోతున్నాను.

మర్నాడు ఆ ద్రవాన్ని పరీక్షిస్తే, డెసిలీటరుకు 200 మిల్లీగ్రాములు దాటితేనే శోషరసమని అనుమానించవలసిన ట్రైగ్లిజరైడ్లు, అంటే కొవ్వు, 900 దాటి ఉన్నాయి. పేగులు పీల్చుకున్న కొవ్వును మోసుకుపోయే శోషరస (లింఫ్) నాళం ఒకటి తెగిందని, అమ్మ పెట్టిన నెయ్యి దాన్ని తెంచలేదని, కారుతున్న సంగతిని బయటపెట్టిందని పెద్ద డాక్టరుగారు అమ్మకు ఓపికగా విడమరిచి చెప్పారు. ఆ ఓపికకు ఆయనకు రుణపడి ఉన్నాను. రెండు వారాలు కొవ్వు లేని తిండి, శోషరస నాళాల్లోకి పోకుండా నేరుగా రక్తంలో కలిసే ఎమ్‌సీటీ నూనె, కారడాన్ని తగ్గించే ఆక్ట్రియోటైడ్ సూదులతో గడిచినా రోజుకు 700 మిల్లీలీటర్లు కారుతూనే ఉంది.

అప్పుడు రేడియాలజీ డాక్టరుగారు అల్ట్రాసౌండ్ చూస్తూ నా గజ్జల్లోని లింఫ్ గ్రంథుల్లోకి సన్నని సూది దించి, గసగసాల నూనెతో చేసే అయోడిన్ మందు లిపియోడాల్‌ను నెమ్మదిగా ఎక్కించారు. అది ఎక్స్‌రే తెర మీద నల్లని దారంలా పైకి పాకి, నడుము పూసల దగ్గర చిన్న చుక్కగా పక్కకు ఒలికింది. ఆయన తెరను నా వైపు తిప్పి, "అదిగోనమ్మా, తెగిన చోటు" అన్నారు. వారాల తరబడి నన్ను భయపెట్టినది అంత చిన్నదా అని ఏడుపు వచ్చింది. ఆ మందే ఒక్కోసారి చిల్లును పూడుస్తుందని, లేకపోతే జిగురు మందు వేస్తామని చెప్పారు. ఆ అవసరం రాలేదు. ఆరో రోజుకు 30 మిల్లీలీటర్లకు తగ్గి, గొట్టం తీసేశారు.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలాంటి ఆపరేషన్ అయితే, తిండి మొదలైన రోజున సంచి రంగును మీరే చూడండి, తెల్లబడితే వెంటనే పరీక్ష అడగండి.

శివరాత్రికి అమ్మ మహేంద్రగిరి ఎక్కి మొక్కు తీర్చుకుంది. మూడు నెలల స్కానులో నీరు లేదని తేలి, నెయ్యి తినవచ్చని చెప్పిన రోజున గిన్నె పట్టుకుని వచ్చి, "వెయ్యమంటావా, తల్లీ?" అని అడిగింది. చెంచా పట్టుకున్న చెయ్యి వణుకుతోంది. నేను కంచం ముందుకు జరిపాను.