ర్యామ్ వెయ్యాలా వద్దా అని మూడు రోజులు బుర్ర బద్దలు కొట్టుకున్నా

వీడియో కాల్‌లో ఉండగా ఎవరో ఒక అంకె అడిగితే ఎక్సెల్‌కి మారతాను, స్క్రీన్ తెల్లగా అయిపోయి "నాట్ రెస్పాండింగ్" అని కూర్చుంటుంది, అవతలోళ్లు హలో హలో అంటుంటారు. ఇదీ నా ల్యాప్‌టాప్ సంగతి. మా తమ్ముడేమో "ర్యామ్ వేసెయ్ అక్కా, పోయేదేముంది" అంటాడు, ఆఫీసులో తెలిసినాయన "ర్యామ్ దండగండీ, ఎస్ఎస్‌డీ వేయించండి" అంటారు. ర్యామ్ అంటే తెరిచి ఉన్న పనులన్నిటినీ కంప్యూటర్ చేతికందేలా పెట్టుకునే మెమరీ, ఎస్ఎస్‌డీ అంటే ఫైళ్లు దాచే పాత హార్డ్ డిస్క్ బదులు వేసే వేగమైన డిస్క్. ఇద్దర్లో ఒక్కరు కూడా నా ల్యాప్‌టాప్ తెరిచి చూసింది లేదు.

సరే అసలు రోగమేంటో నేనే చూద్దామని కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మూడూ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్ తెరిచా, ఏది ఎంత వాడుకుంటోందో విండోస్ చూపించేది అక్కడే. రోజూ ఉండేవే తెరిచి పెట్టా, పన్నెండు ట్యాబులు, ఒక ఎక్సెల్, ఒక కాల్. ఉన్న ర్యామ్ 4 జీబీ, మెమరీ 92 శాతం, డిస్క్ 100 శాతం. ఇంకేముంది, ఆఫీసాయన చెప్పిందే నిజం, తప్పంతా డిస్క్‌దే అనుకున్నా. కానీ కొంచెం కిందకి చూస్తే అది సెకనుకి చదువుతున్నది రెండు మూడు ఎంబీలే. అంటే ఆ 100కి అర్థం బోలెడంత డేటా మోస్తోందని కాదు, క్షణం తీరిక లేకుండా తిరుగుతోందని. పాత హార్డ్ డిస్క్ కదా, చిన్న చిన్న ముక్కల కోసం అటూ ఇటూ పరిగెత్తాలంటే దాని ప్రాణం పోతుంది. మరి ఎవరు పరిగెత్తిస్తున్నారు?

విండోస్‌లోనే ఉండే రిసోర్స్ మానిటర్‌లో మెమరీ ట్యాబ్‌కి వెళ్తే హార్డ్ ఫాల్ట్స్ అని ఒక గ్రాఫ్ ఉంటుంది. పేరు చూసి ఏదో పాడైందని కంగారు పడ్డాను కానీ అది కాదు, ర్యామ్‌లో లేనిదాన్ని డిస్క్ మీంచి తెచ్చుకోవాల్సి వస్తే దాన్నే అలా అంటారు. చోటు చాలనప్పుడు విండోస్ కొంత సరుకుని డిస్క్ మీదున్న పేజ్‌ఫైల్‌లోకి తోసేస్తుంది, మళ్లీ మనం ఆ ట్యాబ్ నొక్కగానే తెచ్చుకుంటుంది. నేను విండో మార్చినప్పుడల్లా ఆ గీత పైకి లేచింది. టాస్క్ మేనేజర్‌లో కమిటెడ్ అన్నచోట, అంటే ప్రోగ్రాములన్నీ కలిపి అడిగి పెట్టుకున్న మెమరీ, 7.9 జీబీ అని ఉంది, అంతా ఒకేసారి వాడుతున్నట్టు కాదనుకోండి, అయినా నాలుగు జీబీ ఇంట్లో ఎనిమిది జీబీ సంసారం.

చివరికి తేల్చింది మాత్రం ఇంకో పరీక్ష. రీస్టార్ట్ చేసి ఒక్క ఎక్సెల్ మాత్రమే తెరిచా. తెరుచుకోడానికి టైమ్ పట్టింది కానీ తెరుచుకున్నాక హాయిగా నడిచింది. తెరుచుకోడంలో ఆలస్యం డిస్క్‌ది, మారడంలో ఆలస్యం ర్యామ్‌ది, నన్ను ఏడిపిస్తున్నది రెండోది. ఇక ర్యామే.

టాస్క్ మేనేజర్‌లోనే ర్యామ్ పెట్టే స్లాట్లు రెండింటిలో ఒకటి వాడినట్టు చూపించింది, అది నా అదృష్టం, కొన్ని మోడల్స్‌లో ర్యామ్ బోర్డుకే అతికించి ఉంటుంది, ఇంక చేసేదేం లేదు. నా ర్యామ్ రకం డీడీఆర్4, స్పీడు 2400. డెస్క్‌టాప్‌లో వేసే పొడుగు ముక్కని ఆర్డర్ పెట్టబోయి ఆగా, ల్యాప్‌టాప్‌కి పొట్టిది, ఎస్ఓడిమ్ కావాలి. 2666 స్పీడుది 8 జీబీ దొరికింది, పర్లేదు, రెండూ కలిసి తక్కువదాని స్పీడుకే నడుస్తాయి.

మూత విప్పి, బ్యాటరీ వైరు పీకి, ముక్క పెట్టి, ఆన్ చేస్తే నల్ల స్క్రీన్! ఉన్నది కూడా పోయిందని చేతులు చల్లబడిపోయాయి. మళ్లీ అన్నీ పీకి టార్చ్ వేసి చూస్తే ముక్క అంచున బంగారు రంగు గీత సన్నగా బయటికి కనిపిస్తోంది, పక్కదానికి అలా లేదు. బయటికి తీసి, ఏటవాలుగా ఇంకాస్త గట్టిగా లోపలికి నెట్టి కిందకి వంచితే రెండు పక్కల క్లిప్పులు టక్కుమన్నాయి. అప్పుడు 12 జీబీ చూపించింది.

అవే ట్యాబులు, అదే ఎక్సెల్, అదే కాల్, ఇప్పుడు 6 జీబీ పైనే వాడుతోంది, అంటే ఇన్నాళ్లూ ఎంత కుక్కిందో చూడండి. మారితే వెంటనే మారుతోంది, డిస్క్ కూడా చల్లబడింది. ఆన్ అవడానికి మాత్రం ఇంకా అదే రెండు నిమిషాలు. ఆఫీసాయన అడిగితే ఈ ముక్క చెప్పాలా వద్దా అని చూస్తున్నా.