ఇంతేనా వదినా అన్నాడు

నిద్ర పట్టట్లేదు. పదకొండున్నర దాటింది, ఈయన ఎప్పుడో పడుకున్నారు, నేనింకా మేడ మీద గదిలో మధ్యాహ్నం పరిచిన చాప మీదే కూర్చుని టైప్ చేస్తున్నా. పాచికలు కూడా తీయలేదు. మరిది అన్న ఒక్క మాట బుర్రలోంచి పోవట్లేదు. "ఇంతేనా వదినా?"

మేం ఇంట్లో డంజన్స్ అండ్ డ్రాగన్స్ ఆడతాం. కథ చెప్పేదీ రాక్షసుల్ని ఆడించేదీ నేను, ఈయన, మరిది, అక్క కూతురు, కింద వాటా అబ్బాయి తలో వీరుడిగా పాచికలేసి ఆడతారు. మూడు రాత్రులు కూర్చుని రాసుకున్నానండీ ఇవాళ్టి ట్రోల్ ఫైట్, ట్రోల్ అంటే ఒక పెద్ద రాక్షసి. వంతెన గీశా, వాగు గీశా, ట్రోల్ గొంతు ఎలా ఉండాలో వంట చేస్తూ ప్రాక్టీస్ చేశా. వీళ్లు నలుగురూ మూడో లెవెల్. ఈ ఆట 2014 రూల్స్ లెక్కలో అలాంటి నలుగురికి ఎదుటి రాక్షసుల బలం 1600 పాయింట్లు దాటితే ప్రాణాల మీదకొచ్చే ఫైట్ అని అర్థం, ట్రోల్ ఒక్కటే 1800. 84 హిట్ పాయింట్లు, అంటే దాని ప్రాణం లెక్క, ఒక్కో వంతులో మూడు దెబ్బలు, పైగా వంతు మొదలైన ప్రతిసారీ 10 పాయింట్ల గాయం దానంతటదే మానిపోద్ది. ఎవరైనా చచ్చిపోతే అక్క కూతురు ఏడుస్తుందేమో అని ఫైట్‌కి ముందే గాయాలు మాన్పే మందు సీసా ఒకటి దొరికేలా పెట్టా.

తీరా చూస్తే ఈయన మొదటి వంతులోనే సాలెగూడు మంత్రం వేసేశారు. ట్రోల్ ఇరుక్కుంది. గూడు తెంపుకోడానికే దాని వంతు పోయింది, పాచిక మీద 3 పడింది, తెగలేదు. ఇంక నలుగురూ చుట్టూ చేరి కొట్టడమే. మూడో రౌండ్ మొదటి దెబ్బకే కూలిపోయింది. ఒక రౌండ్ అంటే ఆటలో 6 సెకన్లు.

దానికి మరిది ఫోన్‌లోంచి తలెత్తకుండా ఆ మాటన్నాడు. వాడి వంతు వచ్చిన ప్రతిసారీ "ఇప్పుడేటైంది, ఎక్కడున్నాం" అని అడిగేది వాడే, నేను మళ్లీ మొదట్నించీ చెప్పాలి, కింద వాటా అబ్బాయి పాపం ఎదురుచూస్తూ కూర్చుంటాడు, టీ కోసం రెండుసార్లు లేచింది కూడా వాడే. అంత శ్రద్ధగా ఆడినవాడు ఇంతేనా అంటే ఒళ్లు మండదా? వచ్చే ఆదివారం రెండు ట్రోల్స్ పెడతా, అప్పుడు చూద్దాం అనుకుంటూ గిన్నెలు తోమా.

తోముతుంటే పోయిన నెల ఆటలో వచ్చిన గాబ్లిన్స్, అవే చిన్న చిన్న రాక్షసులు, గుర్తొచ్చాయి. ఎనిమిది, ఒక్కోటీ 7 హిట్ పాయింట్లే, అన్నీ కలిపినా 56. బలం లెక్కలో ఒక్కోటి 50, ఎనిమిదికి 400, గుంపుగా వస్తే ఆ సంఖ్యకి రెండున్నర రెట్లు, అంటే 1000. ట్రోల్ కన్నా చాలా తక్కువ కదా. కానీ ఆ రోజు ఇద్దరు చావు దాకా వెళ్లొచ్చారు. ఎందుకంటే అవతల ఎనిమిది వంతులు, రాళ్ల చాటు నుంచి బాణం వేసి మళ్లీ దాక్కోడం, ఎవర్ని ముందు కొట్టాలో వీళ్లకి తెలీలేదు. ట్రోల్‌కి ఉన్నది ఒక్క వంతు. అది పోతే ఇంకేమీ లేదు. ఇంకో ట్రోల్ తెస్తే ఇంకో సంచిడు హిట్ పాయింట్లు తప్ప ఏం పెరుగుద్ది?

మా తాత గుర్తొచ్చాడు. బొబ్బిలి దగ్గర పల్లెటూరు, కరెంటు పోతే అరుగు మీద సుద్దతో బొబ్బిలి కోట గీసి చింతపిక్కలు పరిచేవాడు. బయట పిక్కలు గుట్టగా పోసేవాడు, బుస్సీ ఫ్రెంచి సైన్యం, పక్కన మా విజయనగరం రాజు విజయరామరాజు సైన్యం. లోపల కొన్నే. నేను ఎన్ని పిక్కలో లెక్కపెట్టబోతే చెయ్యి పట్టుకుని ఆపేవాడు. "లెక్కలెందుకే, లోపలెవులున్నారో సెప్పు ముందు." లోపల ఆడవాళ్లు, పిల్లలు. అందుకే బొబ్బిలి రాజు రంగారావు కోట వదిలి బయటికి రాలేడు. ఇంకొక్క పిక్క మాత్రం దూరంగా, అరుగు ఆ చివర, స్తంభం దగ్గర పెట్టేవాడు. అది రాజాంలో ఉన్న తాండ్ర పాపారాయుడు, రంగారావు సేనాని. 1757 జనవరి 24న కోట పడిపోతుంటే ఆయనకి వార్త అందలేదనేవాడు తాత, ఆ పిక్క వైపు చూస్తూ కాసేపు మాట్లాడేవాడు కాదు. నేనేమో ఆ పిక్కని తొందరగా జరుపు తాతా, జరుపు అని ఏడ్చేదాన్ని. జరిపేవాడు, కానీ ఎప్పుడూ ఆలస్యంగానే. ఆ తర్వాత రాత్రి పాపారాయుడు గుడారంలో దూరి విజయరామరాజుని పొడవడం చెప్తుంటే మా నాయనమ్మ, ఆవిడది విజయనగరమే, విసురుగా లేచి లోపలికి పోయేది.

నా వంతెన దగ్గర ఆ దూరపు పిక్క లేదు. ట్రోల్ వెనకా ఏం లేదు, వీళ్ల వెనకా ఏం లేదు. మరిది అన్నది కరెక్టేనేమో.

ఫోన్ చూస్తూ అనడం మాత్రం కరెక్ట్ కాదు.

చివరి దెబ్బ అక్క కూతురిది. ఆటలో అది పాలడిన్, అంటే ధర్మం కోసం పోరాడే యోధురాలు. ఎప్పుడూ గొంతు పెగలని గుంట, చాప మీద లేచి నిలబడిపోయి "పిన్నీ నేనే చంపాను" అంది. ఆ మొహం చూసి పుస్తకం మూసేశా.

అసలు మెలిక అక్కడే ఉంది. ఇప్పుడు ఇది టైప్ చేస్తుంటే తట్టింది. ట్రోల్‌కి నిప్పో యాసిడో తగిలితేనే గాయం మానడం ఆగుద్ది, అదీ దాని తర్వాతి ఒక్క వంతుకే. ఈయన యాసిడ్ చల్లింది రెండో రౌండ్‌లో, ట్రోల్ వంతుకి ముందు. మూడో రౌండ్‌లో తగిలింది ఒట్టి కత్తి. తర్వాత ఎవరూ కాల్చలేదు, చూడలేదు కూడా, సంబరంగా వంతెన దాటి పోయారు. అంటే 10 పాయింట్లతో అది లేస్తుంది.

లేపాలా? ఆ పిల్ల గెలుపు లాక్కున్నట్టు అవుద్దేమో అని అరగంట నుంచీ తేల్చుకోలేకపోతున్నా. కానీ పడగొట్టింది ఆ పిల్లే, అది ఎవరూ కాదనలేరు. లేచిన ట్రోల్ వీళ్ల వెంట పడదు, దానికి సాలెగూడు భయం పట్టుకుంది. వీళ్లు వదిలొచ్చిన ఊరి వైపు నడుస్తుంది, అక్కడ పాత మిల్లులో వీళ్లే దాచిపెట్టిన పిల్లలు ఐదుగురు ఉన్నారు. వీళ్లకి ఆ సంగతి సాయంత్రం దాకా తెలీదు. ఎవరో పరుగెత్తుకొచ్చి చెప్పాలి.

కింద డబ్బాలో చింతపిక్కలు ఉండాలి, ఉదయం వెతుకుతా. ఆ పరుగెత్తుకొచ్చేవాడు ఎవరో ఇంకా రాయలేదు.