మత్సుయామాలో అమ్మతో వేడినీళ్ల స్నానం

జపాన్‌లో వేడినీటి ఊటలంటే కొండల మధ్య, మంచు పడే చోట, ఊళ్లకు దూరంగా ఉంటాయని అనుకుంటాం. చాలావరకు నిజమే. కానీ షికోకు దీవిలోని మత్సుయామా అయిదు లక్షల జనం ఉన్న నగరం, ఎహిమె ప్రిఫెక్చర్‌కు, అంటే అక్కడి ఒక రాష్ట్రంలాంటి దానికి, రాజధాని. అక్కడి రైల్వే స్టేషన్ ముందు ట్రామ్ ఎక్కితే ఆఫీసులూ దుకాణాలూ దాటుకుంటూ, కోట ఉన్న కొండను చుట్టుకుంటూ పాతిక నిమిషాల్లో చివరి స్టాపుకు చేరుస్తుంది. ఆ స్టాపు పేరే దోగో ఆన్‌సెన్. ఆన్‌సెన్ అంటే వేడినీటి ఊట. స్కూలు పిల్లలు, కూరగాయల సంచులు పట్టుకున్న ఆడవాళ్లు, మాలాంటి యాత్రికులు అందరూ ఒకే ట్రామ్‌లో వస్తారు.

తమ్ముడు ఒసాకాలో ఉద్యోగం చేస్తున్నాడు. గత నవంబరులో అమ్మా నేనూ వాడి దగ్గరికి వెళ్లాం. అమ్మకు డెబ్బై దాటాయి, మోకాళ్ల నొప్పులు. గుళ్లూ గోపురాలూ తిప్పే బదులు ఒక రాత్రి మంచి ర్యోకాన్‌లో ఉంచాలని వాడి కోరిక. ర్యోకాన్ అంటే పాతకాలపు జపాన్ పద్ధతిలో నడిచే బస. ఒసాకా నుంచి షింకాన్‌సెన్ బుల్లెట్ రైల్లో ఒకాయామా వెళ్లి, అక్కడ ఎక్స్‌ప్రెస్ మారి, 1988లో కట్టిన సెతో వంతెన మీదుగా సముద్రం దాటాం. కింద చిన్న చిన్న దీవులు, వాటి మధ్య ఓడలు. వంతెన దాటాక ఇంకో రెండు గంటలు రైలు తీరం పట్టుకునే వెళ్తుంది. కొండవాలు తోటల్లో కమలాలు పండి పసుపురంగుకు తిరిగి ఉన్నాయి. ఎహిమె కమలాలకు జపాన్ అంతా పేరు.

మధ్యాహ్నం మూడింటికి గది ఇస్తారు. గుమ్మంలోనే చెప్పులు విప్పాలి. లోపల స్లిప్పర్లు, గదిలో తతామి చాపల మీదకు వచ్చేసరికి అవీ విప్పాలి. ఇది అమ్మకు ఎవరూ నేర్పక్కర్లేకపోయింది. గది ఎంత పెద్దదో చాపల లెక్కలో చెబుతారు, మాది పది చాపల గది. మంచాలు లేవు. మధ్యలో పొట్టి బల్ల, ఒక గోడకు కాస్త ఎత్తైన అరలో చిత్రపటం, దాని కింద ఒకే ఒక్క పూలకొమ్మ. ఎండిన తుంగ వాసన. కిటికీ పక్కన సన్నటి వసారాలాంటి చోట రెండు కుర్చీలు వేసి ఉంటే అమ్మ ప్రాణం కుదుటపడింది. కింద కూర్చుంటే లేవలేదు కదా. మా గది చూసే ఆవిడ అది గమనించి, మేం అడగకుండానే భోజనానికి అమ్మ కోసం కాళ్లున్న ఎత్తు కుర్చీ ఒకటి వేయించింది.

ఆవిడ మోకాళ్ల మీద కూర్చుని గ్రీన్ టీ పోసి, చిన్న మిఠాయి పెట్టి, రాత్రి భోజనం ఎన్నింటికి, పొద్దున్న ఫలహారం ఎన్నింటికి అని అడిగి రాసుకుంది. యుకాతాలు, అంటే ఒంటికి చుట్టి నడుముకు కట్టుకునే పల్చటి నూలు అంగీలు, ఇచ్చి కట్టుకునే పద్ధతి చూపించింది. ఎడమ అంచు పైకి రావాలి. కుడి అంచు పైకి వేయడం చనిపోయినవాళ్లకు చేసే పద్ధతట. తమ్ముడు ఇది చెప్పగానే అమ్మ అద్దం ముందుకెళ్లి, తనదీ నాదీ రెండుసార్లు చూసుకుంది.

అసలు సంగతి స్నానం. ర్యోకాన్‌లో స్నానాలగది ఆడవాళ్లకు వేరు, మగవాళ్లకు వేరు. కానీ లోపల అందరూ కలిసే, ఒంటి మీద ఏమీ లేకుండా చేయాలి. తొట్టిలోకి చిన్న తువ్వాలు కూడా దించకూడదు. అమ్మకు ఈ మాట ముందే చెప్పాం. రైలులో ఏమీ అనలేదు. గదికి వచ్చాక మాత్రం స్పష్టంగా చెప్పింది. "గోదావరిలో పుష్కరాలకు లక్షల మంది మధ్య మునిగాను, చీరతోనే మునిగాను. నూలుపోగు లేకుండా నీళ్లలో దిగకూడదని మా అమ్మ చెప్పింది. నువ్వెళ్లి చేసిరా, నేను వద్దనను." నేను బతిమాలలేదు. అది సిగ్గు ఒక్కటే కాదు, ఆచారం కూడా. ఆవిడ నమ్మకాన్ని నా సరదా కోసం పక్కన పెట్టమనడం నాకు సరికాదనిపించింది.

నేను వెళ్లాను. బట్టలు విప్పుకునే గదిలో వెదురు బుట్టలు వరసగా ఉన్నాయి. లోపల గోడ వెంట కుళాయిలు, ప్రతి కుళాయి ముందూ పొట్టి పీట, చిన్న బకెట్టు. ముందు అక్కడ కూర్చుని సబ్బుతో ఒళ్లంతా శుభ్రంగా రుద్దుకోవాలి, నురగ చుక్క మిగలకుండా కడుక్కోవాలి, పీటను కూడా కడిగి పెట్టాలి. ఆ తర్వాతే తొట్టి. తొట్టి ఒళ్లు కడుక్కోవడానికి కాదు, ఒళ్లు నానడానికి. నీళ్లు 42 డిగ్రీలు. దిగిన మొదటి నిమిషం చర్మమంతా చురుక్కుమంది. రెండో నిమిషంలో మెడ దగ్గర ఎప్పటినుంచో ఉన్న పట్టు సడలడం తెలిసింది. నీళ్లు నున్నగా, జారుడుగా ఉంటాయి. వాటికి క్షారగుణం ఉంది.

దిగేముందు వరకు నాకు గుండె దడగానే ఉంది. తొట్టిలో ఉన్న నలుగురైదుగురిలో ఒక్కరూ నా వైపు తేరిపార చూడలేదు. అలాగని తల తిప్పుకోలేదు కూడా. కొంచెం తల వంచి పలకరించి, వాళ్ల మాటల్లో వాళ్లు ఉన్నారు. ఒక పెద్దావిడ పొట్ట మీద పొడుగాటి ఆపరేషన్ మచ్చ. పక్కనే ఆవిడ మనవరాలు కాబోలు, కాలేజీ వయసు పిల్ల, నాయనమ్మ వీపు రుద్దుతోంది. ఆడవాళ్ల శరీరాల గురించి మనవైపు ఎన్ని మాటలు, ఎన్ని చూపులు, ఎంత టెన్షన్! ఆ అరగంటలో అదేదీ లేకపోవడం ఎలా ఉంటుందో నాకు తెలిసింది. ఇంత వయసొచ్చాక తెలిసినందుకు సంతోషమూ వేసింది, కాస్త బాధా వేసింది.

గదికి తిరిగొచ్చేసరికి అమ్మ అడిగిన మొదటి ప్రశ్న, "ఇన్ని నీళ్లు ఎక్కడ కాస్తారే?" ఎక్కడా కాయరు. జపాన్‌లో 1948 నాటి చట్టం ప్రకారం భూమిలోంచి వచ్చేటప్పుడే 25 డిగ్రీలైనా ఉండాలి, లేదా చట్టంలో చెప్పిన ఖనిజాల్లో ఒకటైనా తగినంత ఉండాలి, అప్పుడే దాన్ని ఆన్‌సెన్ అంటారు. దోగోలో పద్దెనిమిది బావుల్లోంచి 20 నుంచి 55 డిగ్రీల దాకా రకరకాల వేడితో నీళ్లు వస్తాయి. వాటిని కలిపి 42కు తెస్తారు. కాచడమూ లేదు, చల్లార్చడమూ లేదు. విచిత్రమేమంటే షికోకులో మండే అగ్నిపర్వతం ఒక్కటీ లేదు. భూమి లోతుల్లోని వేడే ఈ నీళ్లకు ఆధారం. భూకంపాలంటే మాత్రం ఊరికి భయం. 1946లో వచ్చిన నాంకాయ్ భూకంపానికి ఊట ఆగిపోయి, కొన్నాళ్లకు గానీ తిరిగి రాలేదు.

రాత్రి భోజనం గదిలోనే. అమ్మ పూర్తి శాకాహారి కాబట్టి తమ్ముడు బుక్ చేసేటప్పుడే వివరంగా చెప్పాడు. చేపా మాంసం వద్దంటే సరిపోదు, వాళ్ల పులుసులన్నిటికీ ఆధారమైన దాషి ఎండు చేపతో కాస్తారు. ఆ మాట విడిగా చెప్పాలి. వాళ్లు అమ్మకు కొంబు అనే సముద్రపు నాచు, ఎండు పుట్టగొడుగులతో దాషి కాచి వేరే వంట చేశారు. నువ్వులతో చేసిన మెత్తటి తోఫు, పాల మీగడలా తీసిన సోయా పొర, పిండిలో ముంచి నూనెలో వేయించిన గుమ్మడి తెంపురా, పుట్టగొడుగుల అన్నం. మాకేమో ఈ ఊరి పేరున్న తాయ్‌మెషి, అంటే తాయ్ అనే సముద్రపు చేపను బియ్యంతో కలిపి ఉడికించిన అన్నం. శాకాహారులు ఎవరైనా వెళ్లేటట్టయితే వారం ముందే, జపనీస్‌లోనే, అన్నీ విడమరిచి చెప్పించుకోండి. అక్కడికి వెళ్లాక చెబితే వాళ్లు ఏమీ చేయలేక చాలా ఇబ్బంది పడతారు.

భోజనాలయ్యాక మా గది చూసే ఆవిడే బల్ల తీసేసి ఫుటాన్ పరుపులు వేసింది. అమ్మకు రెండు పరుపులు ఒకదాని మీద ఒకటి వేయించాం, లేవడానికి వీలుగా.

ర్యోకాన్‌లోనే స్నానం ఉన్నా, దోగోకు వచ్చినవాళ్లు హోన్‌కాన్‌కు వెళ్లకుండా ఉండరు. హోన్‌కాన్ అంటే ఊరి ఉమ్మడి స్నానశాల. మూడంతస్తుల చెక్క కట్టడం, 1894లో కట్టారు. అప్పటి పురపాలకుడు ఇసానివా యుకియా అంత ఖర్చుతో కడతాననగానే ఊళ్లో పెద్ద వ్యతిరేకత వచ్చింది. ఆయన వినలేదు, కోటలు కట్టే వంశానికి చెందిన వడ్రంగి సకామోతో మతాహచిరోకు పని అప్పగించాడు. ఆ మరుసటి ఏడు దోగోకు రైలు కూడా తెచ్చాడు. 1994లో ప్రభుత్వం ఈ కట్టడాన్ని ముఖ్యమైన సాంస్కృతిక సంపదగా గుర్తించింది. 2019 నుంచి మరమ్మతులు జరిగాయి, 2024 జూలైలో మళ్లీ మొత్తం తెరిచారు. అయిదేళ్ల ఆ పనిలో కూడా స్నానాలు పూర్తిగా ఆపకుండా, ఒకవైపు పని చేస్తూ ఇంకోవైపు జనాన్ని రానిచ్చారు. నాకు ఆ కట్టడం అందం కంటే ఈ సంగతే గొప్పగా అనిపించింది. ఊరి వాడుకను ఆపకూడదనుకున్నారు చూడండి. 1950ల నడుమ దాకా ఇక్కడి ర్యోకాన్లలో సొంత స్నానాలే లేవు. ఎంత పెద్ద అతిథైనా యుకాతా కట్టుకుని, చేత బుట్ట పట్టుకుని, ఊరివాళ్లతో పాటు ఇక్కడికే నడిచి రావాలి.

పొద్దున ఆరింటికి హోన్‌కాన్ పైనున్న చిన్న గోపురంలో ఢంకా కొడతారు, తలుపులు తెరుస్తారు. చీకటి ఉండగానే లేచి వెళ్లాం. అప్పటికే తలుపు ముందు జనం. సగం మంది మాలాగా యుకాతాల్లో ఉన్న అతిథులు, మిగతావాళ్లు ఊరి ముసలివాళ్లు, సొంత సబ్బూ తువ్వాలూ ప్లాస్టిక్ బుట్టలో పెట్టుకుని వచ్చినవాళ్లు. కింది అంతస్తు స్నానానికి 700 యెన్‌లు. లోపల తొట్టి లోతుగా ఉంది, మధ్యలో రాతి స్తంభంలాంటి దానిలోంచి నీళ్లు పడుతుంటాయి. ఊరి ఆడవాళ్లు వచ్చి, స్నానం చేసి, తల దువ్వుకుని, పావుగంటలో వెళ్లిపోతున్నారు. పని మీద వెళ్లేముందు ఇంట్లో స్నానం చేసినట్టే.

నేను వచ్చేదాకా అమ్మా తమ్ముడూ పైన యుషిన్‌దెన్ చూస్తున్నారు. ఇది 1899లో చక్రవర్తి కుటుంబం కోసం కట్టిన స్నానపు గదులు, ఇప్పుడు చూడటానికే. బంగారు రేకు అతికించిన తలుపులు, మెట్లు దిగి వెళ్లే గ్రానైట్ తొట్టి. అమ్మ అడిగిందట, "మరి రాజులు కూడా ఇలాగే, ఏమీ లేకుండానే చేసేవాళ్లా?" తమ్ముడు అక్కడి కాగితం చదివి చెప్పాడు. లేదు, వాళ్లు యుచో అనే పల్చటి తెల్ల వస్త్రం తొడుక్కుని నీళ్లలో దిగేవారు. దగ్గరలోనే 2017లో కట్టిన అసుకా నో యు అనే స్నానశాలలో ఈ రాజుల గదిని మళ్లీ అలాగే కట్టారు, కుటుంబంతో విడిగా తీసుకోవచ్చు, అక్కడ యుచో ఇస్తారు కూడా.

నేను జుట్టు ఆరబెట్టుకుని బయటికి వచ్చేసరికి అమ్మ ముఖంలో కొత్త కళ. తమ్ముడు అప్పటికే ఫోన్‌లో అసుకా నో యులో ఖాళీ ఉందేమో చూస్తున్నాడు.

గది ఖాళీ చేసి, సామాన్లు ర్యోకాన్‌లోనే ఉంచి అక్కడికి వెళ్లాం. తమ్ముడు మామూలు వైపు వెళ్లాడు. అమ్మా నేనూ తెల్ల యుచోలు తొడుక్కుని తొట్టి దగ్గరికి వెళ్లాం. పట్టుకోవడానికి నేను చేయి ఇచ్చాను. అమ్మ ముందు కుడి చేత్తో నీళ్లు తీసుకుని తల మీద చల్లుకుంది, గోదారి రేవులో చేసినట్టే, పెదవులతో ఏదో అనుకుంటూ. తర్వాత మెట్టు మెట్టుగా దిగి భుజాల దాకా మునిగి కూర్చుంది. వస్త్రం నీళ్లలో చుట్టూ తేలింది. చాలాసేపు ఏమీ మాట్లాడలేదు. మోకాళ్లను రెండు చేతులతో ఒత్తుకుంటూ, "బదరీనాథ్‌లో తప్తకుండం దాకా వెళ్లి, ఆ మంచులో చీర మార్చుకోవడానికి భయపడి దిగకుండా వచ్చేశాను మీ నాన్నతో," అంది. ఈ సంగతి నాకు ఎప్పుడూ చెప్పలేదు.

ఖర్చు గురించి అడుగుతారు కాబట్టి చెబుతాను. మేం దిగినలాంటి మధ్యరకం ర్యోకాన్‌కు రెండు పూటల భోజనంతో మనిషికి సుమారు 25,000 యెన్‌లు, మన డబ్బుల్లో 14,000 రూపాయల పైన. లెక్క గదికి కాదు, మనిషికి. పైన ఆన్‌సెన్ పన్ను కొద్దిగా ఉంటుంది. పచ్చబొట్లు ఉన్నవాళ్లను కొన్నిచోట్ల రానివ్వరు, ముందే కనుక్కోవాలి. డబ్బు తక్కువైతే నగరంలో మామూలు హోటల్లో దిగి, ట్రామ్‌లో వచ్చి హోన్‌కాన్‌లో స్నానం చేసి వెళ్లినా మంచి అనుభవమే. కానీ పెద్దవాళ్లను తీసుకెళ్తే ర్యోకాన్‌లోనే ఉంచండి. వాళ్లను అలా కనిపెట్టుకుని చూసుకునే చోటు నాకు ఇంకెక్కడా తారసపడలేదు.

స్నానం అయ్యాక విశ్రాంతి గదిలో టీ తాగుతూ అమ్మ గడియారం చూసింది. అక్కడ పదకొండు, ఇండియాలో ఉదయం ఏడున్నర. "కాకినాడ పిన్నికి ఫోన్ కలపరా," అంది తమ్ముడితో. "వచ్చే ఏడు దాన్ని కూడా తీసుకొద్దాం. తెల్ల బట్టలు ఇస్తారన్న మాట ముందు చెప్పు, లేకపోతే రానంటుంది."